రెండు చుక్కల నడుమ

మా చిన్నతనంలో అమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ కూడా ఆగేది. యాభై దాటాక, ఊఁ కొడుతూనే వినకుండా ఉండటం నేర్చుకున్నాను. నేర్పిన గురువు సెల్‌ఫోను.

1993లో నేను బ్యాంకులో చేరినప్పుడు మా శాఖలో లెడ్జర్లన్నీ చేతిరాతే. సాయంత్రం లెక్క కుదరకపోతే ఇంటికి వెళ్ళడం లేదు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడమనేవారు పెద్దలు. 27 రూపాయల తేడా వచ్చిందనుకోండి, 85 బదులు 58 వేసి ఉండవచ్చు. దానికోసం రెండేసి గంటలు వెతికేవాళ్ళం. ఆ రోజులు బంగారమని అనను. ఖాతాదారు టోకెను పట్టుకుని గంటసేపు కూర్చునేవాడు పాపం! కాని చేస్తున్న పని మీదే కళ్ళుండేవి. ఇప్పుడు ఇంటికొచ్చినా శాఖ గ్రూపులో టార్గెట్లు, బంధువుల గ్రూపులో శుభోదయాలు.

కిందటి దసరాల్లో అమ్మ, "ఒరే బాబూ, పక్కనున్న గుమ్మం కనబడక భుజం కొట్టుకుంటోందిరా" అంది. ఊఁ అన్నాను. కార్తీకంలో మళ్ళీ అంది. మళ్ళీ ఊఁ అన్నాను. సంక్రాంతి ముందు పెరటి మెట్టు మీద తూలింది. అప్పుడు తీసుకెళ్ళాను.

నీటికాసులట. కంటి నరం దెబ్బతిని, చాలామందికి నొప్పి తెలియకుండానే, ముందు పక్కచూపు పోతుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవడానికే మందు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు డాక్టరుగారు. అమ్మ నావైపు తిరిగి, "ఈమధ్యేనండి" అంది.

రాత్రిపూట రెండు రకాల చుక్కలు. మొదటిది వేశాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. రెండోదానికి అయిదు నిమిషాల ఎడం ఉండాలి. మొదటివారం ఆ అయిదు నిమిషాలూ ఫోను తీశాను. అమ్మ కళ్ళు తెరవకుండానే, "వెలుతురు తెలుస్తోందిరా" అంది.

మర్నాటి నుంచి ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద. మనశ్శాంతి వెంటనే కలిగిందంటే అబద్ధం. చిరాకు కలిగింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. పది రోజులు పోయాక గడియారం చూడటం తగ్గింది.

అమ్మ చెబుతుంటుంది. 1936 ఏప్రిల్ 1న మా గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాలో కలిసిననాటి సంగతులు, ఆవిడ తాతగారి నోట విన్నవి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో వేషాలు. గోపాలపూర్ సముద్రం ఒడ్డున మా నాన్నగారు చెప్పులు పోగొట్టుకున్న వైనం. ఈ చివరిది నాకు తెలియనే తెలియదు.

ఈ జబ్బు రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువట. నేనూ కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకున్నాను. నలభై దాటినవారు మీరూ చేయించుకోండి.

నిన్నరాత్రి చెప్పుల కథ సగంలో ఉండగా అయిదు నిమిషాలు అయిపోయాయి. రెండో సీసా మూత తీయబోతే, "ఉండరా, చెప్పనీ" అంది.

ఊఁ అన్నాను.