మీకు తెలుసా? మునిగిన కారుకు తాళం తిప్పకూడదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్టుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబేకాలనీ మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో దాదాపు 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అటు ఖమ్మంలో మున్నేరు ఊళ్లోకి వచ్చింది. మనుషులు డాబాల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. సందుల్లో నిలిపిన కార్లు, ఆటోలు మాత్రం బురదనీళ్లలో రోజుల తరబడి నానాయి. నీళ్లు తీశాక ఎవరైనా చేసే మొదటి పని, బండి స్టార్టవుతుందేమో చూడటం. ఏళ్లపాటు వాయిదాలు కట్టి కొనుక్కున్న బండి, ఆ ఆత్రం ఎవరికైనా ఉంటుంది. కానీ ఇంజిన్‌కైనా, ఇన్సూరెన్స్ క్లెయిముకైనా అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఆ ఒక్క తిప్పే.

ఎందుకో తెలుసా? గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లను నొక్కితే కుదించుకోవు. పెట్రోలు ఇంజిన్‌లో పిస్టన్ పైకి వస్తూ సిలిండరులోని గాలిని సుమారు పదోవంతుకు నొక్కేస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇంకా గట్టిగా నొక్కుతుంది. అక్కడ గాలికి బదులు నీళ్లుంటే పిస్టన్‌కు పైకి దారి ఉండదు, కింద నుంచి క్రాంక్‌షాఫ్ట్ తోస్తూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఇరుక్కునేది కనెక్టింగ్ రాడ్. అది వంగుతుంది. ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాకునే పగలగొడుతుంది. షెడ్డుల్లో దీన్ని హైడ్రోలాక్ అంటారు. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే మెకానిక్ పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి ఇంజెక్టర్లు విప్పి ఆ నీళ్లు బయటికి కక్కించగలడు. ఆయిల్, ఫిల్టర్లు మార్చి చాలాసార్లు బతికించగలడు. రాడ్ వంగిందంటే మాత్రం ఇంజిన్ కిందికి దించి విప్పాల్సిందే. తాళం బదులు బటన్ ఉన్న కార్లకూ ఇదే వర్తిస్తుంది. నలుగురు కలిసి తోసి గేరులో వేసి స్టార్ట్ చేయాలని చూడటమూ అంతే ప్రమాదం.

ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయో లేదో చూడటానికి తాళంతో పనే లేదు. డిప్‌స్టిక్ బయటికి తీసి చూడండి. ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి లోపల తడి ఉందేమో చూడటం రెండో పరీక్ష.

మనం సంతకం చేసి బీరువాలో పెట్టేసే పాలసీ కాగితాల్లో ఒక షరతు ఉంటుందని తెలుసా? ప్రమాదం జరిగాక బండికి మరింత నష్టం జరగకుండా యజమాని జాగ్రత్త పడాలి, రిపేరు చేయించకుండానే నడిపితే ఆ తర్వాత జరిగే అదనపు నష్టమంతా యజమానిదే అని దాని సారాంశం. మినహాయింపుల్లో ఇంకో మాట ఉంటుంది: పర్యవసానంగా జరిగిన నష్టానికి, యాంత్రికంగా, విద్యుత్ పరంగా వచ్చిన లోపాలకు పరిహారం ఉండదు. ఈ రెండు వాక్యాలే వరదల తర్వాత క్లెయిముల తలరాత రాస్తాయి. సీట్లు, కార్పెట్లు, వైరింగ్ తడవడం వరద వల్ల జరిగిన నష్టం. కంపెనీ దానికి బాధ్యత వహిస్తుంది. నీళ్లున్న ఇంజిన్‌ను తిప్పడం వల్ల రాడ్ వంగడం మాత్రం మనం చేసుకున్నదని కంపెనీ వాదిస్తుంది. సర్వేయర్ ఇంజిన్ విప్పించి చూస్తే వంగిన రాడ్డే అక్కడ సాక్ష్యం చెబుతుంది. అందుకే చెబుతున్నాను, మెకానిక్ వచ్చేదాకా తాళం ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి ఉంచండి.

ఈ లోటు పూడ్చడానికే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ వచ్చింది. కొంత అదనపు ప్రీమియం కడితే నీళ్లు చేరి ఇంజిన్, గేర్‌బాక్స్ పాడైనా పరిహారం వస్తుంది. దీనిలోనూ కంపెనీకో రకం షరతులుంటాయి. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయాలని చూస్తే ఏమంటారో కొనేముందే చదవండి. కాలవ గట్టున, చెరువు కింద, పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లకు నా సలహా అడిగితే, మిగతా యాడ్ ఆన్లలో ఏది వదిలేసినా దీన్ని వదలొద్దు.

"మా బండికి మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అనుకునేవాళ్లు ఒకసారి కాగితం తీసి చూడాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్లు, కొత్త బైకులకు అయిదేళ్లు థర్డ్ పార్టీ బీమా షోరూములోనే కట్టించుకుంటున్నారు. సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు దాన్ని రెన్యువల్ చేయకపోయినా రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు ఇబ్బంది రాదు, ఎందుకంటే చట్టం అడిగే థర్డ్ పార్టీ ఉండనే ఉంది. వరద వచ్చిననాడే తెలుస్తుంది, మునిగిన బండికి పైసా రాదని. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టం. మన కారులోకి వచ్చిన బుడమేరు నీళ్లు దాని పరిధిలోకి రావు. 2019 సెప్టెంబరు నుంచి సొంత నష్టపు పాలసీని విడిగా కూడా కొనుక్కోవచ్చు. ఈ తేడా తెలియక నష్టపోయినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ తేదీ చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

నీళ్లు తగ్గక ముందే ఫొటోలు తీయాలి. నంబర్ ప్లేటు కనబడేలా, నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా, పక్కనే గోడో కరెంటు స్తంభమో పడేలా తీయండి. నీళ్లు తీశాక తలుపు మీద మిగిలిన బురద గీత మరో సాక్ష్యం. కడిగించే ముందు దాన్ని కూడా ఫొటో తీసి పెట్టుకోండి. శుభ్రం చేయాలనే తొందరలో చాలామంది ఆ గీతను తుడిచేస్తారు. చుట్టూ నీళ్లు లేవని, చెయ్యి పెట్టినా ప్రమాదం లేదని తేలాక బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. తడిసిన కనెక్టర్లలో కరెంటు పారుతూ ఉంటే తుప్పు వేగంగా పడుతుంది. ఎయిర్‌బ్యాగుల కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో రెండు ముందు సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్లు కూడా దానికి ఎక్కువే. నీళ్లు అంత వచ్చాయని సర్వేయరుకు తప్పక చెప్పండి.

ఎలక్ట్రిక్ కారయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి మీరూ వెళ్లొద్దు, వీధి చివర మెకానిక్‌నూ వెళ్లనివ్వొద్దు. అవి హై వోల్టేజీ తీగలు. కంపెనీ సర్వీసు వాళ్లు వచ్చేదాకా చార్జింగు కూడా పెట్టకూడదు.

మామూలు పాలసీలో బండిని దగ్గరి షెడ్డుకు చేర్చడానికి అయ్యే ఖర్చు కూడా ఉంటుంది. కాకపోతే కార్లకు గరిష్ఠంగా 1,500 రూపాయలే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నవాళ్లు ముందు ఆ నంబరుకే ఫోన్ చేయాలి. తాడు కట్టి లాగించడం కంటే ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించడం మేలు. ఆటోమేటిక్ గేరు బండ్లకైతే అది తప్పనిసరి.

సర్వేయర్ ఎన్నాళ్లకు రావాలో తెలుసా? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిము సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఊరంతా మునిగినప్పుడు ఒకే సర్వేయర్ మీద వందల బండ్లు పడతాయి, ఆలస్యం కావచ్చు. అయినా ఈ గడువులు గుర్తు పెట్టుకుని క్లెయిము నంబరుతో ఈమెయిల్ పంపుతూ ఉండండి. ఫోన్లో మాట్లాడిన మాటకు తర్వాత రుజువు దొరకదు.

వరదలో ఫోను తడిసి, కరెంటు లేక నాలుగు రోజుల దాకా కంపెనీకి చెప్పలేకపోయారా? ఆలస్యం ఒక్కటే కారణంగా చూపి క్లెయిమును తోసిపుచ్చొద్దని నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే సర్క్యులర్ ఇచ్చింది. 2017లో ఓం ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ దారిలోనే తీర్పు చెప్పింది. అది లారీ దొంగతనం కేసు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే, నిజమైన క్లెయిమును సాంకేతిక కారణాలతో కొట్టేయకూడదన్నది దాని సారం.

టోటల్ లాస్ అనే మాట వినగానే కంగారు పడకండి, లెక్క చూడండి. పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి వయసును బట్టి ధరలో తరుగు తీసేసిన విలువ అది. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు కారుకు 30 శాతం తరుగు. అంటే 10 లక్షల కారుకు ఐడీవీ 7 లక్షలు. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 5 లక్షల 25 వేలు దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి ఐడీవీ చెల్లిస్తారు. అంతకు తక్కువైతే రిపేరు చేయించి ఖర్చు ఇస్తారు. ఆ ఖర్చులోనూ కోతలుంటాయి. రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు సగమే వస్తుంది. అద్దాలకు పూర్తిగా వస్తుంది. వరదలో ఎక్కువగా పోయేవి ఆ సగం వచ్చే వస్తువులే. షోరూములో బంపర్ టు బంపర్ అని చెప్పే జీరో డెప్ పాలసీ ఉంటే ఈ కోతలు చాలావరకు ఉండవు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించి రాయించుకున్నవాళ్లకు టోటల్ లాస్ నాడు అంత మేరా చిల్లు పడుతుంది.

చిన్న క్లెయిము వేసే ముందు నో క్లెయిమ్ బోనస్ సంగతి చూసుకోండి. అయిదేళ్లు క్లెయిము లేకుంటే సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతం రాయితీ వస్తుంది. ఒక్క క్లెయిముతో అది సున్నాకు పడి, మళ్లీ 20, 25, 35, 45 శాతాలుగా ఎక్కుతుంది. ఆ ప్రీమియం అసలు 12 వేలనుకుందాం. రాయితీ మళ్లీ 50 శాతానికి చేరేదాకా మీరు అదనంగా కట్టేది మొత్తం 15 వేలు. లోపలి కార్పెట్లు తీసి కడిగి ఆరబెట్టడానికి ఎనిమిది వేలే అయితే, జేబులోంచి పెట్టుకోవడమే మేలు.

బండి లోను ఉంటే పరిహారం ముందు బ్యాంకుకే వెళ్తుంది, మిగిలితేనే మనకు. అందాకా వాయిదా ఆగదు. కారు షెడ్డులో ఉందని చెప్పి ఈఎంఐ ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది.

విజయవాడ వరదల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మునిగిన ఆటోకు 10 వేలు, బైకుకు 3 వేలు సాయంగా ప్రకటించింది. రోజూ కిరాయి మీద బతికే ఆటో అన్నకు ఆ డబ్బు ఆదుకునేదే. ఇంజిన్ పని అంతటితో తీరదు. కిరాయి బండ్లకూ సొంత నష్టపు పాలసీ ఉంటుంది. ఆ సంగతి స్టాండులో ఒకరికొకరు చెప్పుకోవాలి.

టోటల్ లాస్ అయిన కారును తుక్కు వ్యాపారికి అప్పగించేటప్పుడు ఆర్సీ మీ పేరునే వదిలేయొద్దు. మోటారు వాహనాల చట్టం లెక్కలో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా ప్రమాదానికి రిజిస్టర్డ్ యజమానే బాధ్యుడని. బండి ఇక నడవదని తేలితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. నడుస్తుందంటే పేరు మార్పిడి కాగితాలు పూర్తయ్యేదాకా వెంటపడాలి.

కంపెనీ కాదంటే? ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఇంత మంచి సదుపాయం ఉందని తెలియక కోర్టు ఖర్చులకు భయపడి ఊరుకునే వాళ్లెందరో.

చివరిగా, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు. ఒక ఊళ్లో మునిగిన కారు రంగులు, పాలిష్‌లు పూసుకుని ఇంకో ఊళ్లో అమ్మకానికి రావచ్చు. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, సెంటు కొడతారు. సీటు బెల్టును మాత్రం కొస దాకా బయటికి లాగి చూడాలని ఎవరికీ తోచదు. మీరు లాగండి. లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద బురద గీత కనిపిస్తే, అమ్మేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. అనుమానం తీరకపోతే సీటు కింద పట్టాలనూ, స్టెప్నీ పెట్టే గుంటనూ టార్చి వేసి చూడండి.