పేరులేని ముఖములు

ఇంటికి వచ్చిన చుట్టమునకు మంచినీళ్ళిచ్చి కూర్చుండబెట్టగానే వారి చూపు గోడమీది పటములపైకి పోవును. "వీరు మీ మామగారా? ఈ చంటిబిడ్డ నీవేనా?" అని ప్రశ్నలు బయలుదేరును. సోదరీమణులారా, మన యిండ్లలో పటము కేవలము అలంకారము కాదు. పోయినవారిని ఇంటిలో నిలుపుకొను ఉపాయమది. ఈ సంగతి మాకు మొదట బోధపడినది చింతూరులో. లోతుగా బోధపడినది హైదరాబాదులోని ఒక చిత్రశాలలో. రెండుచోట్లను మాకు పాఠము చెప్పినది చదువురాని యొక కొండరెడ్డి అవ్వ.

చింతూరు శబరినది యొడ్డున నున్న మన్యపు టూరు. మారేడుమిల్లి అడవులు దాటి ఘాటు దిగివచ్చినవారికి ఈ యూరు తగులును. శబరి ఇటనుండి సాగి కూనవరమువద్ద గోదావరిలో కలియును. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు దగ్గరలోనే యున్నవి. 2014వ సంవత్సరములో తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు చేర్చబడిన మండలములలో నిదియు నొకటి. కోయలు, కొండరెడ్లు ఇచ్చటి ప్రాతకాపులు. కోయలకు తమ భాష వేరుగా కలదు. కొండరెడ్ల తల్లిభాష తెలుగే.

మేమచ్చట కొన్నియేండ్లు కాపురముంటిమి. సంతనాడు ఒక అవ్వ అడ్డాకుల కట్టయో, కొండచీపుళ్ళో, చింతపండో తలపై పెట్టుకొని వచ్చి, మా యరుగుపై దింపి, ఒక గ్లాసెడు టీ త్రాగి, మంచిచెడ్డలు మాటలాడి పోవుచుండెడిది. ఆమె వయస్సెంతయో ఆమెకు తెలియదు. మేమును అడుగలేదు.

2022వ సంవత్సరము జూలై నెలలో గోదావరికి గొప్ప వరద వచ్చినది. భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. గోదావరి నిండినప్పుడు శబరినీరు ముందునకు పోలేక వెనుకకు ఎగదన్ను. ఆ విధముగా ఈ ప్రాంతపు పల్లెలెన్నియో మునిగినవి. నీరు తీసిన పిమ్మట మేము అవ్వ యింటికి పోయి చూచితిమి. గోడలు సగమువరకు కరగిపోయినవి. ధాన్యము మొలకలెత్తినది. అవ్వ వానిలో దేనిని గూర్చియు మాటాడలేదు. ఒక చిన్న చెక్కచట్రము తెచ్చి మా చేతిలో పెట్టినది. అది పోయిన ఆమె పెనిమిటి పటమట. ఎన్నడో భద్రాచలములో తీయించినది. చట్రములో తెల్లని కాగితము తప్ప మరేమియు లేదు.

"బురద పట్టిందని కొంగుతో తుడిచాను తల్లీ. బురదతోపాటు ఆయనా పోయాడు" అన్నది.

ఆ తెల్లకాగితముపై, నుదురుండవలసిన చోట, కుంకుమబొట్టు పెట్టియున్నది.

మరుసటి యేడు మేము మా చెల్లెలి యింటికి హైదరాబాదు పోవలసివచ్చినది. అప్పటికి అవ్వకు రెండు కండ్లలోను శుక్లములు ముదిరినవి. ఆమె మనుమడు బ్రతిమాలగా ఆమెను వెంటబెట్టుకొని పోయి, శస్త్రము చేయించితిమి. చూపు కుదుటపడిన పిమ్మట, తిరుగుప్రయాణమునకు ముందు, ఆమెకేదైనను చూపవలెనని మాకు తోచెను. చార్మినారు చూపితిమి. జనము నెక్కువగాను కట్టడమును తక్కువగాను చూచినది. అప్పుడు మా చెల్లెలు మాసబ్ ట్యాంకువద్ద నున్న నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియమును జ్ఞాపకము చేసినది. అచ్చట పనిముట్లు, నగలు, వాద్యములతోపాటు పాతకాలపు ఛాయాపటములు కూడ కలవు.

ఆ పటములు తీసినవాని కథ వినదగినది. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో ఐరోపాలో యుద్ధము ప్రారంభమగునప్పటికి ఆయన మనదేశములో నుండెను. చేతిలో జర్మను పాసుపోర్టు ఉండుటచే ఆంగ్లప్రభుత్వమునకు ఆయన శత్రుదేశస్థుడైనాడు. నిజాము రాజ్యపు టెల్లలు దాటరాదని నిర్బంధించిరి. ఆ నిర్బంధమే మనకు లాభమైనది. ఆయన భార్య బెట్టీతో కూడ అడవులు పట్టి తిరిగి, నల్లమల చెంచులను, గోదావరితీరపు కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను గూర్చి పరిశోధించి గ్రంథములు వ్రాసెను. కొండరెడ్లను గూర్చిన గ్రంథము 1945లో వెలువడినది. అటవీ కంట్రాక్టర్ల క్రింద వెదురు నరకు కొండరెడ్ల దైన్యమును ఆయన దాచలేదు. తీసిన పటములు వేలకొలది లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయములో భద్రపరుపబడి యున్నవి. బెట్టీ 1987లో హైదరాబాదులోనే మరణించినది. ఆమె సమాధి ఆదిలాబాదు అడవులలో మార్లవాయి గూడెమున నున్నది. ఆయన 1995లో మరణించిన పిమ్మట చితాభస్మము కూడ అచ్చటికే చేరినది.

ఇదంతయు మేము ముందుగా చదువుకొని పోయితిమి. కాబట్టి చిత్రశాలలో మా నడక చదువుకొన్నవారి నడక వలె నుండెను. పటము క్రింది యక్షరములు మొదట చదువుట, పిదప పటము వంక నొక చూపు చూచుట, మరియొక పటమునకు జరుగుట. పావుగంటలో ఒక గోడ పూర్తిచేసితిమి. వెనుదిరిగి చూతుము గదా, అవ్వ మొదటి వరుసలోనే నిలిచిపోయినది.

ఆమె యెదుట నున్నది నలుపు తెలుపులలో నొక స్త్రీ పటము. మెడనిండ పూసలు, చంకను బిడ్డ. చిరునవ్వు లేదు, కోపమును లేదు. మేము దానిని కూడ చూచితిమి. "కొండజాతి స్త్రీ, బిడ్డతో" అని మనస్సులో వ్రాసికొని దాటిపోయితిమి.

"దుంపలకు పోయొచ్చింది. గోళ్ళ సందు చూడు, మట్టి" అన్నది అవ్వ.

చూచితిమి. నిజముగానే ఆ వ్రేళ్ళ చివరలు నల్లగా నున్నవి.

"బిడ్డ ఈమెది కాదేమో. ఎత్తుకున్న తీరు చూడు. చెల్లెలి బిడ్డయి ఉంటది. ఆ చెల్లెలు ఎదురుగా నిలబడి ఉంది. ఈమె చూపు ఫొటో తీసేవాడి మీద లేదు, చెల్లెలి మీద ఉంది."

ఇది సత్యమో కాదో చెప్పుటకు మాకు శక్తి లేదు. కాని ఆ మాటతో మా కండ్లకే శస్త్రము జరిగినట్లయినది. అంతవరకు ఆ పటములో మాకు పూసలు, కట్టు, తెగ కనబడినవి. ఇప్పుడు ఒక యక్కయ్య కనబడినది. చూపున్న మేము చూడని దానిని, నెలదినముల క్రిందట చూపు వచ్చిన ముసలిది చూచినది.

తరువాత అవ్వ మమ్మొక ప్రశ్న యడిగినది. "నీకు చదువొచ్చుగా. ఈమె పేరేమని రాశారు?"

మేము క్రిందికి చూచితిమి. చెప్పుటకు పేరు లేదు.

ఇందులో ఒకరిని నిందింపబనిలేదు. ఆ కాలపు మానవశాస్త్రమునకు తెగ ముఖ్యము, ఊరు ముఖ్యము, కట్టుబొట్టు ముఖ్యము. మనిషి ఆ తెగకు మచ్చుతునక. ప్రపంచమంతటను అట్టి పటముల క్రింద "ఒక స్త్రీ", "ఒక వృద్ధుడు" అనియే తరుచుగా వ్రాయుచుండిరి. అయినను ఆ క్షణమున మాకు గొంతు పెగలలేదు. పేరు లేదని చెప్పగా అవ్వ కొంతసేపు ఊరకుండి, "పేరు లేకుండా ఎట్లా పిలుస్తాం? సరే, అక్కా, పోయొస్తాం" అని పటమునకు చెప్పి కదలినది. మేము కండ్లు తుడుచుకొనుచు వెంట నడచితిమి.

ఛాయాపటము పుట్టు విధానము తలంచినచో ఆ వీడ్కోలు వింతగా తోచదు. పూర్వపు ఫిల్ముపై వెండిలవణముల పూత యుండును. మనిషి ముఖముపై పడి మరలిన వెలుతురు కటకములోనుండి పోయి ఆ పూతకు తగులును. తగిలినచోట, మందులలో కడిగినప్పుడు, వెండి నల్లబడి నిలుచును. దానినుండి మరల కాగితముపై అచ్చొత్తినప్పుడు నలుపు తెలుపై, తెలుపు నలుపై రూపము సరిపడును. చిత్రకారుడు వ్రాసిన బొమ్మ అతని చేతిపని. ఈ పటము మాత్రము ఆ స్త్రీ ముఖమును తాకిన యెండయే వ్రాసినది. ఎనుబది యేండ్ల నాటి ఆ పొద్దు ఆమెను ముట్టి మనయొద్దకు వచ్చినది. కాని ఎండకు పేరు వ్రాయుట రాదు. ఆ పని మనుష్యులదే.

ఆ రాత్రి చెల్లెలి యింటిలో మాకు నిద్రపట్టలేదు. లేచి మా అమ్మగారి పాతపెట్టెలోని పటములు తీసితిమి. ఒక దానిలో మా తాతగారు కుర్చీలో కూర్చుండియున్నారు; వెనుక నలుగురు స్త్రీలు నిలుచుండిరి. అట్టపై తాతగారి పేరు, ఉద్యోగము ముత్యములవంటి యక్షరములతో నున్నవి. వారి ప్రక్క "కుటుంబము" అనుమాట యొక్కటి. ఆ నలుగురిలో ఒకరు మా అమ్మమ్మ. తక్కిన మువ్వురెవరు? మా చెల్లెలికి తెలియదు, మాకును తెలియదు. చెప్పగల అమ్మ లేదు. కొండస్త్రీకి పేరు వ్రాయలేదని మధ్యాహ్నము కన్నీరు కార్చిన మేము, మా యింటి ఆడువారి పేర్లు మేమే పోగొట్టుకొంటిమని అర్ధరాత్రి తెలిసికొంటిమి.

మన స్త్రీలకు పటము తీయించుకొనుట సులభముగా రాలేదు. ఫొటో తీసిన ఆయుస్సు తగ్గునని భయపడు రోజులుండెడివి. పరపురుషుని యెదుట కూర్చుండుట మరొక చిక్కు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఈ చిక్కు గ్రహించి, 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నొక ఫొటోశాల తెరిపించెను. దానిని నడిపినది కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత. లోపల పనిచేయువారందరు స్త్రీలే. అంత యత్నము మీద మన ముఖములు కాగితముపైకి వచ్చినవి. అట్టిదానికి వెనుక నాలుగక్షరములు వ్రాయుటకు మనకు తీరికలేకపోయినది!

ఇప్పుడు ప్రతిచేతిలోను ఫోను, ప్రతి ఫోనులోను వేలకొలది పటములు. చింతూరు సంతకు, మోతుగూడెపు జలపాతములకు వచ్చు యాత్రికులు కొండస్త్రీలను అడుగకయే ఫొటోలు తీసికొని పోవుచున్నారు. ఆ పటము తిరిగి ఆ స్త్రీ చేతికి వచ్చుట బహు అరుదు. పోలవరము ప్రాజెక్టు నీటికై ఈ ప్రాంతమున ఊళ్ళకు ఊళ్ళే తరలవలసియున్నవి. ఇల్లు తరలింపరాదు, చెట్టు తరలింపరాదు. పటము తరలింపవచ్చును. కావున ఎవరి ముఖము వారి గోడపై నుండుట ఇచ్చటివారికి ఎంత యవసరమో యోచింపుడు.

గృహిణులకు మా మనవి యిది. ఈ పండుగకు ఇల్లు దులుపునప్పుడు పటముల పెట్టె కూడ తీయుడు. ఇంటిలో పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రతి పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, ఒత్తిపెట్టక, పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఆడువారిని "ఫలానా వారి భార్య" అని వ్రాయక వారి పేరే వ్రాయుడు. వరదలోనో వానలోనో పటములు తడిసిన యెడల కొంగుతో తుడువకుడు. తడిసినప్పుడు రంగుపొర మెత్తబడి ఊడివచ్చును. అంటుకొన్నవానిని లాగకుడు. చల్లని మంచినీటిలో నుంచినచో చాలవరకు అవియే విడివడును. పిమ్మట బొమ్మవైపు పైకుండునట్లు శుభ్రమైన గుడ్డపై పరచి, నీడలో ఆరబెట్టవలెను. అద్దమునకు అంటుకొని ఎండిపోయినదానిని బలవంతముగా తీయక, అద్దముతో కూడ దానికి మరియొక ఫొటో తీయించుట మేలు. ఎవరినైనను ఫొటో తీసినచో వారిని అడిగి తీయుడు, పేరడిగి వ్రాసికొనుడు, ఒక ప్రతి వారికి చేర్చుడు.

చింతూరు చేరిన తరువాత మేము అవ్వకు ఫొటో తీయించితిమి. నవ్వుమన్నను నవ్వలేదు. అచ్చు చేతికీయగా తిప్పి వెనుకవైపు చూచి, "నా పేరు రాశావా?" అని యడిగినది. ఎదుటనే వ్రాసితిమి. తనకు చదువరాకున్నను ఆ యక్షరములపై వ్రేలుపెట్టి, ఒక్కొక్కటి చదివించుకొన్నది. తరువాత, "ఆయన పేరు కూడా రాయి" అని ఆ పాత చట్రము తెచ్చినది. తెల్లకాగితము వెనుక ఆ పేరును వ్రాసితిమి.

ఇప్పుడు ఆ రెండు చట్రములు ఆమె యింటిలో ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిలో ముఖమున్నది; రెండవదానిలో కుంకుమబొట్టు మాత్రమున్నది. ఆ పేర్లు రెండును మేమిచ్చట వ్రాయము. అవి ఆ గోడకు చెందినవి.