పిండి అడిగినన్ని నీళ్లు!

మిరప ఘాటుకీ పత్తి తెలుపుకీ పేరుపడ్డ నేల మీద ఒకప్పుడు జొన్నరొట్టెదే రాజ్యం. మధ్యలో మొహం చాటేసి ఇప్పుడు మళ్లీ పళ్లెంలోకి వస్తోంది. వచ్చిన చిక్కల్లా... దాన్ని తట్టే చేతులే తగ్గిపోతున్నాయి!

గుంటూరు అనగానే మిరపకాయ. ప్రకాశం అనగానే ఒంగోలు గిత్త. మరి ఆ కారాన్ని దేంట్లో నంజుకున్నారు? ఆ గిత్త ఏం మేసి అంత ఎత్తు పెరిగింది? రెంటికీ జవాబు ఒక్కటే... జొన్న! గింజ మనిషికి రొట్టె, చొప్ప గొడ్డుకి మేత. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో విత్తితే, నేల దాచుకున్న చెమ్మతోనే పండిపోయే మాఘీ జొన్న మెట్ట రైతుకి కొండంత ధీమా.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు పల్నాడు వెళ్లి, ఎక్కడ చూసినా జొన్నలే కనిపించి సన్నన్నం దొరక్క విసుక్కున్నాడని ఆయన పేర చెప్పుకునే చాటువులు చెబుతాయి. పాపం, మహాకవికి పొంగిన రొట్టెలో వెన్నపూస వేసి పెట్టిన ఇల్లాలు ఎదురుపడలేదేమో!

నీళ్లొచ్చాయి... జొన్న వెళ్లింది

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలోకి వచ్చింది. నీరందిన చోట వరి, అందీ అందని చోట పత్తి, మిరప పెరిగాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో పేదింటి కుండలోనూ వరన్నం ఉడికింది. అది మంచిదే, కాదనేవాళ్లెవరు? కాకపోతే అన్నం కలిమికీ జొన్న లేమికీ గుర్తులైపోయాయి. చుట్టాలొస్తే రొట్టెల పెనం దాచేసిన ఇళ్లున్నాయి. కోడళ్లు నేర్చుకోలేదు, కూతుళ్లకి నేర్పలేదు.

చిత్రం ఏమిటంటే జొన్న ఊరు విడిచి పోలేదు. పత్తి, మిరప చేల చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నగానీ మొక్కజొన్నగానీ వేయమని శాస్త్రవేత్తలు చెబుతారు. రసం పీల్చే పురుగులకి అది అడ్డుగోడ. అటు డెల్టాలో వరి కోశాక, దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం గత రెండు దశాబ్దాల్లో బాగా పెరిగింది. ఆ గింజలో ఎక్కువ భాగం వెళ్లేది మాత్రం కోళ్ల దాణాకి! మన పొలంలో పండింది కోడి తింటుంటే, మనం రొట్టె కోసం సాయంత్రం వీధి చివర బండి దగ్గర నిలబడుతున్నాం.

అసలు కిటుకు వేడినీళ్లలో...

‘ఎన్ని నీళ్లు పొయ్యాలి అమ్మమ్మా?’ అని అడిగి చూడండి. ‘పిండి అడిగినన్ని పొయ్యవే’ అంటుంది. విసుగనిపిస్తుంది గానీ అందులో శాస్త్రం ఉంది. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది కాబట్టి చన్నీళ్లతో కలిపినా సాగుతుంది. జొన్నలో ఆ జిగురు లేదు. మరిగే నీళ్లు పోసినప్పుడు పిండి ఉబ్బి, తనే జిగురు పుట్టించుకుంటుంది. ఆ జిగురే రొట్టెకి ప్రాణం. కొత్త జొన్న ఒకలా, పాతజొన్న ఇంకోలా నీళ్లు తాగుతాయి. అందుకే ఏ ఇంటి కొలతా పక్కింటికి పనికిరాదు.

మొదటిసారి చేసేవాళ్లు గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లతో మొదలుపెట్టొచ్చు. నీళ్లలో ఉప్పు వేసి తెర్లనివ్వాలి. వెడల్పాటి పళ్లెంలో పిండి మధ్య గుంట చేసి పోసి, గరిటెతో కలిపి మూతపెట్టాలి. చెయ్యి పట్టేంత వేడికి రాగానే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. ఇక్కడే అందరూ తొందరపడేది! అయిదు నిమిషాలు పిసికితే అంచు పగలదు. రెండు నిమిషాలతో సరిపెడితే పగులుతుంది, అంతే. పిసికింది పిసికినట్టే తట్టెయ్యాలి. ముద్ద ఆరితే మళ్లీ మొదటికే.

పొడిపిండి చల్లిన పీట మీద ముద్దపెట్టి అరచేత్తో తడుతుంటే అది తనంతట తనే తిరగాలి. తట్టే చెయ్యి పైకి లేస్తుంటుంది, పక్క చెయ్యి అంచుని కాస్తుంటుంది. ఈ తిరగడమే రాతలో పట్టుబడని విద్య. చప్పుడు విని కూడా తెలిసినవాళ్లు రొట్టె పలచనైందో లేదో చెప్పేస్తారు. చపాతీ కర్రతోనూ ఒత్తవచ్చు, తప్పులేదు. ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తితే మరీ తేలిక. చేత్తో తట్టినదానంత పొంగదు గానీ, మానేయడం కన్నా నయమేగా!

బాగా కాలిన ఇనుప పెనం మీద, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా రొట్టె వేయాలి. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు పూయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఆలస్యమైతే పగుళ్లు, తొందరైతే పెనానికి అతుకు. రెండోవైపు కాలాక మంట మీదికి నెడితే పూరీలా పొంగుతుంది. పత్తికట్టె మంట మీద కాల్చిన రొట్టెకి వచ్చే కమ్మదనం గ్యాసుపొయ్యికి రాదని పెద్దవాళ్లంటే... నిజమే, ఒప్పుకోవాలి. ఆ పొగ మాత్రం ఎవరి కళ్లకీ వద్దు.

మొక్కజొన్న రొట్టె పద్ధతీ ఇదే. పిండి కాస్త బిరుసు కాబట్టి ఇంకొంచెం మందంగా తట్టాలి. ఇదే మొక్కజొన్నపిండిలో అమెరికావాళ్లు గుడ్లు, మజ్జిగ కలిపి ఇనుప మూకుడులో కార్న్‌బ్రెడ్ చేస్తారు. వెనకటి రోజుల్లో వాళ్లూ కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చినవాళ్లే. మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టమన్నమాట!

నంజుడు లేని రొట్టె ఉత్తదే

పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, వేరుసెనగ కారం, చింతచిగురు పప్పు... ఇవి రుచి కోసమే కాదు. ఒట్టి జొన్న మీదే బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే వ్యాధి ఎందుకొస్తోందో హైదరాబాద్‌ పోషకాహార శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ మీద అనుమానం వ్యక్తం చేస్తూ 1960లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి గానీ, ఒట్టి రొట్టెతో సరిపెట్టకూడదన్నది మాత్రం తేలిన మాట. పప్పు, వేరుసెనగ, పాలు, పెరుగు పక్కన ఉండాల్సిందే. అమ్మమ్మలు రొట్టెలోకి వేరుసెనగ కారం నూరింది ఇది చదివి కాదు గానీ, సరిగ్గానే నూరారు.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక పట్నంలో జొన్నపిండికి గిరాకీ పెరిగింది. షుగరుందని రాత్రిపూట రొట్టెలకి మారినవాళ్లూ ఎక్కువే. మంచిదే. కానీ జొన్నలోనూ పిండిపదార్థం దండిగా ఉంది. నాలుగు రొట్టెలు లాగించి ‘జొన్నేగా’ అనుకుంటే చక్కెర ఊరుకోదు.

పిండి సంగతి ఒక్కటి. పొట్లాల్లో నెలల తరబడి ఉన్న పిండి ఎంత పిసికినా విరిగిపోతుంది. నీ చేతివాటం బాగాలేదని కొత్తవాళ్లని ఆడిపోసుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు పిండిదే. జొన్నలు కొని, పది రోజులకి సరిపడా మర పట్టించుకోవడం మేలు. ఎండాకాలమైతే మరకి పొద్దున్నే వెళ్లండి. మీకన్నా ముందు ఎవరైనా అందులో కారం పట్టించారా... ఆ రోజు రొట్టెలోకి వేరే పచ్చడి అక్కర్లేదు!