గుండిగ అడుగున మిగిలిన విందు

పెండ్లి విందులపై ముఖచిత్ర కథనమొకటి గురువారము సాయంకాలమునకు సిద్ధము కావలెనని సంపాదకులు ఆదేశించినప్పుడు, వారి మనస్సులో మెదలినవి బారులు తీరిన వంటకములును, వాని వర్ణచిత్రములునై యుండవచ్చును; కాని ఆ వెదకులాటలో మా పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరకిన కాగితపు ముక్క యొకటి తక్కిన వివరముల నన్నింటిని వెనుకకు నెట్టివేసినది.

1974 వైశాఖమున, కోనసీమలోని మా యింట మా అక్క పెండ్లి ముగిసిన మరునాడు, మిగిలిన శుభలేఖ వెనుక పెద్దమ్మ పెన్సిలుతో వ్రాసికొనిన పంపకాల పట్టీ అది. ఏ యింటికి ఏ పదార్థము, ఏ గిన్నెలో, ఎవరి చేత వెళ్ళినదో అందు వరుసగా నున్నది. పందిరి వేసినవారును, బాజా వాయించినవారును, గాడిపొయ్యి త్రవ్వినవారును మొదటి పంక్తులలోనే యున్నారు. వారికి బూరెలు, పులిహోర, కాజాలు. పండ్లూడిన తూర్పువీధి తాతగారికి గారెలు మాని మెత్తని బూరెలు. బాలింత యున్న యింటికి పులిహోర వలదని కొట్టివేసి, పైన కాజాలని దిద్దినది. కంద తిన్నచో నోరు దురదపెట్టు నొక కోడలికై కందబచ్చలికి బదులు దప్పళము. అంత అలసటలోను ఆమెకు ఊరిలోని ప్రతి నాలుకయు జ్ఞాపకమున్నది! ఏబది రకములు వడ్డించు నేటి విందులలో ఇట్టి ఎరుక యెంత కలదో నాకు సందేహమే.

పట్టీ చివర "మనకు" అని వ్రాసి, ఎదుట ఏమియు వ్రాయలేదు. మిగిలినదంతయు మాది. అప్పగింతలై, అక్క నెక్కించుకొనిన బండి మలుపు తిరిగిన పిదప, రెండు దినములుగా బంతులు బంతులుగా ఊరివారికి వడ్డించి తాము నిలుచుండియే నాలుగు మెతుకులు నోట వేసికొనిన ఆడవారందరు, పెరటి వసారాలో తొలిసారి విస్తళ్ళ ముందు కూర్చుండిరి. పులిహోరలోని చింతపండు రసమును, ఉప్పును, నువ్వులనూనెయు రాత్రియంతయు మెతుకులోనికి దిగి, వడ్డననాడు లేని రుచిని దెచ్చినవి. గట్టిపడిన గారెలు తాలింపు పెరుగులో నాని ఆవడలైనవి. మరల మరుగబెట్టిన దప్పళములో గుమ్మడిముక్క కరగి, పులుసునకు తియ్యదన మబ్బినది. ఎవరును మాటలాడలేదు, అమ్మ మాత్రము అక్కకు గారె లిష్టమని ఒక్కసారి అనినది.

ఇక పూర్వచరిత్ర, గడువు తరుముచున్నది కావున సంక్షేపముగా: అతిథులు భుజింపగా మిగిలిన దానికి మనుస్మృతి 'విఘసము' అని పేరిడి, గృహస్థుడు తినదగినది అదియే యన్నది, నిలువ అన్నమును గీత పదునేడవ అధ్యాయము తామసాహారములలో జేర్చగా, నేయి, నూనె కలసిన భక్ష్యములు నిలువయైనను తినవచ్చునని మనువు సడలించెను. తెలుగువారు ఎంగిలిని, మిగులును ఎన్నడును ఒకటిగా నెంచలేదు. చేయి తగిలినది ఎంగిలి, గరిటె మాత్రమే తగిలినది మిగులు.

ఏది నిలుచును, ఏది నిలువదు

వండిన తెల్లన్నమును వేడిమిలో విడువరాదు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడుకునకు చావవు. అవి మొలకెత్తి పుట్టించు విషములలో నొకటి మరల కాచినను నశింపదు. రెండు గంటలలోపల వెడల్పు పళ్ళెములలో చల్లార్చి, 5 డిగ్రీలకు లోపు శీతలపేటికలో నుంచుట మేలు. పులిహోరలో పులుపు ఆ జీవుల పెరుగుదలను మందగింపజేయునే కాని పూర్తిగా ఆపదు. కొబ్బరిపచ్చడి, పెరుగుపచ్చడి వెంటనే చెల్లవలెను. విందులలో మిగిలిన ఆహారమును సేకరించి పంచువారికై ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలు చేసినది.

* * *

పట్టీలో పంక్తుల చివర గిన్నె తిరిగి వచ్చినదని చిన్న గీటులు కలవు. పదునొకండు గిన్నెలు వెళ్ళినవి, పది గీటులున్నవి. ఖాళీ గిన్నె పంపరాదను ఆచారము చొప్పున వానిలో ఏమేమి వచ్చినదో కూడ వ్రాసికొనినది: ఒకదానిలో కొత్త మాగాయ, ఒకదానిలో మునగకాడలు, తాతగారి యింటినుండి వచ్చినదానిలో రెండు తమలపాకులు.