బుస కొట్టే వాల్వు నోరు నొక్కొద్దు

గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం దాకా రోడ్డు పక్కన ఏ పంక్చరు షాపులో చూసినా, రేకుల కింద ఓ మూల కంప్రెషరు దడదడలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వాటిని రిపేరు చేయడమే నా పని. షాపులో అడుగుపెట్టగానే నేను ముందు చూసేది మోటారునో బెల్టునో కాదు. ట్యాంకు నెత్తిన బొటనవేలంత ఇత్తడి ముక్క ఉంటుంది, చిన్న రింగు వేలాడుతూ. అదే సేఫ్టీ వాల్వు.

కిందటి ఎండాకాలం కంభం దగ్గర ఓ షాపులో అది కనిపించలేదు. ఆ చోట బోల్టు బిగించి ఉంది.

"ఊరికే బుస్సుమంటా ఉంటే తీసేసినా అన్నా. కరెంటు దండగ గదా!" అన్నాడు కుర్రాడు. వాళ్ల తమ్ముడు ఆ ట్యాంకుకే ఆనుకుని టీ తాగుతున్నాడు! ముందు మోటారు ఆపించి, గాలంతా వదిలించాను. ఆ తర్వాతే మాట.

మామూలుగా చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి రాగానే ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేస్తుంది. ఆ స్విచ్ పాయింట్లు అతుక్కుపోయాయనుకోండి, మోటారు ఆగదు. అప్పుడు దిక్కు ఈ వాల్వే. కుక్కర్లో విజిలు రంధ్రానికి పప్పు అడ్డం పడితే పక్కనున్న సేఫ్టీ ప్లగ్గు కాపాడినట్టన్నమాట. అన్నట్టు, కుక్కరుకు తాతలాంటి పాత్రను 1679లో చూపించిన డెనిస్ పాపిన్ కూడా, అది పేలకుండా ఇలాంటి వాల్వునే వాడాడు.

పది కిలోలే కదా అనుకోకండి. 45 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న ట్యాంకులో, ఒక్కో చివరి మూత మీద పడే తోపుడు దాదాపు 16 టన్నులు. పైగా మన ఎండలు! పొద్దున 30 డిగ్రీల్లో 10 కిలోలకు నింపి కట్టేసిన ట్యాంకు, మధ్యాహ్నం రేకుల కింద 55 డిగ్రీలకు కాగితే, మోటారు తిరక్కుండానే 11 కిలోల దగ్గరికి చేరుతుంది.

వాల్వును ట్యాంకు మీద ఉంచి సెట్ చేయను. విడిగా చిన్న టెస్టు పాత్రకు బిగించి, నమ్మకమైన గేజీ పెట్టి, గాలి మెల్లగా ఎక్కిస్తాను. ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది అని రాసుకుంటాను. స్విచ్ 10 దగ్గర ఆపేదైతే వాల్వు 11 దగ్గర తెరుచుకోవాలి. కానీ ట్యాంకు పేరుపలక మీద కొట్టిన అంకె దాటడానికి వీల్లేదు. పలక మీద 10.5 ఉందా? వాల్వు 10.5కే పెట్టి, స్విచ్‌ను కిందికి దించాలి. మార్చాల్సి వస్తే ఒత్తిడి తగ్గించి, లాక్‌నట్టు వదులు చేసి, స్క్రూను కొద్దికొద్దిగా తిప్పాలి. బిగిస్తే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మూడుసార్లు ఒకే అంకె దగ్గర తెరుచుకుంటేనే సీలు వేస్తాను.

అంతటితో అయిపోలేదు. కంప్రెషరు ఎంత గాలి తోస్తుందో అంత గాలినీ వాల్వు బయటికి పంపగలగాలి. చిన్న వాల్వు బుస్సుమంటూనే ఉంటుంది, గేజీ ముల్లు పైకి పోతూనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు దారం సైజు ఒక్కటే చూస్తే సరిపోదు.

మరి ఊరికే కారుతుంటే? చాలాసార్లు సీటులో నలుసే కారణం. పలకల ఫ్యాక్టరీల వైపైతే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, ట్యాంకులో గాలి ఉండగా రింగు రెండుసార్లు లాగి వదలండి. నలుసు కొట్టుకుపోతుంది. అప్పటికీ కారితే ముందు గేజీ చూడండి, అది పది దాటి ఉంటే తప్పు స్విచ్‌ది. దాటకపోతే కొత్త వాల్వు వేయండి, కొన్ని వందల్లో వస్తుంది. స్క్రూ మాత్రం బిగించకండి.

కంభం కుర్రాడి ట్యాంకులో అడుగు మర తిప్పితే గ్లాసుడు తుప్పు నీళ్లు వచ్చాయి. లోపల రేకు ఎంత పలచబడిందో పైరంగు చూస్తే తెలియదు. దాన్ని నీళ్లతో నింపి ఒత్తిడి పరీక్ష చేయించేదాకా వాడొద్దన్నాను. గాలితో చేయకూడదా అన్నాడు. నీళ్లయితే ట్యాంకు చీలినా కారిపోతాయి, గాలైతే షాపునే లేపుతుందని చెప్పాను.