తుపాకిమందు మేర మీఱినచో గలుగు ముప్పు

పిఠాపురమునకు ఉత్తరమున ప్రత్తిపాడు, శంఖవరము వైపు మెట్టలలో కఱ్ఱపెండలము, మొక్కజొన్న వేయు రైతునకు అడవిపందివలన గలుగు నష్టము మే మెఱుగనిది కాదు. నెలల తరబడి పడిన కష్టము ఒక్క రాత్రిలో మట్టిపాలగుట కన్నులార చూచినారము. అట్టి రైతు తుపాకివైపు చూచుట సహజమే. కాని తుపాకి పట్టినవారిలో కొందఱు చేయు నొక పొరపాటును గూర్చి యీ నెల విన్నవింప దలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట కంపోస్టుగోతులు చూపుటకై ఒక మెట్టగ్రామమునకు పోయినప్పుడు, ఎడమచేతికి మూడువ్రేళ్లు లేని రైతొకడు మాకు దారి చూపెను. కారణ మడుగగా, “పంది దూరంగా ఉందని మందు కాస్త ఎక్కువ పోశానండి” అనెను. పంది తప్పించుకొనెను. తుపాకిని క్రిందనుండి పట్టిన చేయి చెడెను. మఱునాటి రాత్రి చేను మఱల పాడయ్యెను.

మందు ఎక్కువైనచో గుండు దూరము పోవునన్న తలంపే యీ చేటునకు మూలము. ఎరువు విషయమున ఈ సంగతి మన మెఱిగినదే. యూరియా మితి మీఱినచో వరి యేపుగా పెరిగి, గాలికి పడిపోవును గాని గింజ హెచ్చదు. తుపాకికిని మేర యున్నది. ఆ మేర మన యవసరమునుబట్టి గాక, గొట్టపు బలమునుబట్టి యేర్పడును. మందు మండగా పుట్టిన వాయువు గుండును ముందునకు త్రోయునట్లే గొట్టపు గోడలనుకూడ అన్నివైపులకు త్రోయును. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడుట చూచితిమి గదా! గట్టు తాళగలిగినంతవఱకు తాళును. బలహీనమైన చోట ఒక్కసారిగా తెగును. ఇనుప గొట్టమును అంతే. నిన్న పగులలేదు గనుక నేడును పగులదనుకొనుట పొరపాటు. నిన్నటి అధికపు మందే కంటికి కానరాని చీలికను కల్పించి యుండవచ్చును.

మూతినుండి మందు దట్టించు తుపాకులయందు మఱి మూడు ప్రమాదములు గలవు. మొదటిది, మందునకును గుండునకును నడుమ ఖాళీ మిగులుట. గుండు అడుగువఱకు దిగక నడుమ నిలిచినచో అది బిరడావలె అడ్డుపడి గొట్టమును చీల్చగలదు. రెండవది, పేలని తుపాకిలో మఱచి మఱల మందు పోయుట. మూడవది త్రుప్పు. నల్లమందు మండిన పిదప మిగులు మసి చెమ్మను పీల్చుకొనును. ఉప్పాడ వైపునుండి వచ్చు ఉప్పుగాలి దానికి తోడగును. కడుగక మూల నుంచిన గొట్టము లోలోపల పలుచనగును.

మందు జాతి మారుట మఱింత ఘోరము. నల్లమందు వేఱు, పొగలేని మందు వేఱు. రెండవదానిని 1884లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త పాల్ వియేల్ కనుగొనెను. ఇది ఒత్తిడి పెరిగినకొలది మఱింత వేగముగ మండును. కావున మందు కొంచెమే హెచ్చినను ఒత్తిడి అంతకుమించి హెచ్చును. దీని బలమును తక్కువగా నెంచినవారికి ఒక పాఠము చెప్పెదము. 1888లో ఆంగ్లసైన్యము స్వీకరించిన లీ-మెట్ఫర్డ్ రైఫిలు మొదట నల్లమందు తూటాలతో వాడబడినది. పిదప కార్డైటు అను పొగలేని మందు రాగా, దాని వేడికి గొట్టములోని గాడులు త్వరగా అరిగినవి. 1895లో లోతైన గాడులుగల వేఱు గొట్టము పెట్టవలసివచ్చెను. గొప్ప కర్మాగారములలో చేసిన ఉక్కే ఇట్లు లొంగగా, కొలిమిలో చేసిన నాటుగొట్టము గతి యేమి? పాత తూటాలు విప్పి తీసిన మందును నాటుతుపాకిలో పోయుట మృత్యువును పిలుచుటయే.

వాడిన తూటాలను మఱల నింపువారికిని ఇదే మాట. ఇత్తడి తొడుగు ప్రతి పేలుడునకు సాగి, తుదకు అడుగుభాగమున చీలును. పేలిన తొడుగు బిగిసిపోయి వెలికి రాకుండుటయు, అడుగున నుండు టోపీ చదునగుటయు ఒత్తిడి హెచ్చెననుటకు సూచనలు. ఆ సూచనలు కానరానంత మాత్రమున క్షేమమని యెంచరాదు.

ఇంగ్లండునందలి బర్మింగుహాములో 1813 నుండి గొట్టములను అమ్మకమునకు ముందు హెచ్చు మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయుచున్నారు. ముద్రలేని గొట్టమునకు తొలి పరీక్ష రైతు చేతిలోనే జరుగును. ఇంతకన్న అన్యాయమేమి గలదు?

కావున మా మనవి యిది. తయారుచేసినవారు చెప్పిన కొలతను మీఱకుడు. ఆ కొలత తెలియని తుపాకిని పేల్చకుడు. దట్టించు కడ్డిమీద ఖాళీగొట్టపు లోతునకు గీటొకటి పెట్టుకొనుడు. కడ్డి అంతవఱకు దిగనిచో లోపల నేదో యున్నదని తెలియును. పేలని తుపాకిలోనికి తొంగిచూడకుడు. మూతిని జనము లేని దిక్కునకు త్రిప్పి వేచియుండుడు.

చట్టమును మఱువరాదు. 1959 ఆయుధముల చట్టము నిజముగా పంట కాపాడుకొనుటకై మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు నిచ్చు వీలు కల్పించినది. కావున దొంగతుపాకి కొననక్కఱలేదు. కాని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి అధికారి యనుమతి లేక అడవిపందిని చంపుట నేరము. తుపాకికి బదులుగా కంచెకు విద్యుత్తు పెట్టుట, నాటుబాంబులు పరచుట తగదు. వానివలన పశువులు, మనుష్యులుకూడ చచ్చుచున్నారు.

మంచి కంచె, ఇరుగుపొరుగువారు వంతులవారీగా కాయు కావలి ఖర్చునకు తక్కువ, ఫలమునకు ఎక్కువ. ఒంటరిగా తుపాకి పట్టి మేల్కొనుటకన్న పదిమంది కలిసి కాచుట మేలు. సహకారమనగా అప్పు పుచ్చుకొనుట మాత్రమే కాదు గదా! పోయిన పంట మఱుసటి కారునకు వచ్చును. పోయిన చేయి రాదు.