తెరపై నేత

సిరిసిల్ల మరమగ్గముపై నాడె పోగు వెంట పోగు వేసి వస్త్రమును నేయును. పాత టెలివిజను గాజుతెరపై ఎలక్ట్రానుల ధార గీత క్రింద గీత వేసి బొమ్మను నేయును. మన పాత టెలివిజను పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అనగా సెకనుకు 15,625 గీతలు. పాత ఇంటి కంప్యూటర్లు, ఆటయంత్రములు ఇంచుమించు ఈ వేగమునకే అమరినవి. 1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతికి దీని రెట్టింపు వేగము కావలెను. ఒక వేగమునకే అమర్చిన తెరపై రెండవ వేగపు బొమ్మ నిలువదు. ‘మల్టీసింక్’ తెరలలో కొన్ని మాత్రము రెండింటికిని తామే సర్దుకొనును. అట్టివి నేడు దుకాణములలో కొత్తగా లభింపవు. కావున జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని ఏ యింటి అటకపైన అట్టి తెర యున్నను, తూకమునకు అమ్మకముందు ఒకమారు విచారింపుడని మేము మనవి చేయుచున్నాము. దానిని విప్పుపని నిపుణులకే వదలుడు. ఆపివేసిన పిదప సైతము అందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.